మొదటి వేప్ ఏది కొనాలి? రోజుకు నాలుగైదు సిగరెట్లు, బడ్జెట్ 20 పౌండ్లు (యూకే)

కాకినాడ_కాజా (లెస్టర్)
అందరికీ నమస్కారం. నాకు 26 ఏళ్లు. ఎంఎస్సీ అయిపోయింది, ప్రస్తుతం వేర్‌హౌస్‌లో షిఫ్టులు చేస్తున్నా. రోజుకు నాలుగైదు సిగరెట్లు కాలుస్తా, ఆదివారం అందరం కలిస్తే ఇంకో రెండు మూడు. ఊళ్లో అయితే కిళ్లీ కొట్టు దగ్గర ఒకటి కొనుక్కుని, అక్కడే కాల్చేసి వెళ్లిపోయేవాళ్లం. ఇక్కడ విడిగా అమ్మరు, 20 కంటే చిన్న ప్యాకెట్ ఉండదు. జేబులో ప్యాకెట్ ఉన్నాక రెండు కాల్చాల్సిన చోట నాలుగు కాలుతున్నాయి. ప్యాకెట్ 15 పౌండ్ల పైమాటే. ఇంటికి పంపాల్సిన డబ్బు ఇలా పోతుంటే మనసు ఒప్పుకోవడం లేదు.

అందుకే వేప్‌కి, అంటే ఈ-సిగరెట్‌కి, మారదామని. గది నిండా పొగ వదిలే సరదా ఏమీ లేదు. సిగరెట్‌లా చిన్న దమ్ము లాగితే చాలు. 20 పౌండ్ల లోపు ఏది తీసుకోవాలి? షాపుకెళ్తే గోడ నిండా రంగురంగుల డబ్బాలు, ఎవరిని అడగాలో తెలియక తిరిగొచ్చేశా. నికోటిన్ ఎంతది తీసుకోవాలో కూడా చెప్పండి అన్నలూ, అక్కలూ.

నిర్వాహకుడు
చర్చ కొనసాగించవచ్చు. మూడు షరతులు: 18 ఏళ్లు నిండినవాళ్లే రాయండి, ఇక్కడ అమ్మకాలూ కొనుగోళ్లూ వద్దు, ఇండియాకి తెప్పించుకునే దారులు ఎవరూ అడగొద్దు, చెప్పొద్దు.

ఓరుగల్లు_పోరడు (బర్మింగ్‌హామ్)
తమ్మీ, నేను వీకెండ్ల వేప్ షాపుల పని చేస్త. రోజూ గిదే ప్రశ్న వింట, గందుకే జెర వివరంగ చెప్త.

ముందుగాల డిస్పోజబుల్ సంగతి మర్చిపో. వాడి పారేసేటి వేపులు 2025 జూన్ 1 నుంచి యూకేల అమ్ముడు బంద్. ఇప్పుడు షాపుల ఉండాల్సినయి ఛార్జింగ్ పెట్టుకునేటియి, లిక్విడ్ నింపుకునేటియో పాడ్ (లిక్విడ్ ఉండే చిన్న డబ్బి) మార్చుకునేటియో మాత్రమే. ఇంకా ఎవడన్న కౌంటర్ కింద నుంచి డిస్పోజబుల్ తీసి ఇస్తుండంటే ఆ షాపుల ఇంకేం కొనకు.

నీకు కావాల్సింది చిన్న పాడ్ కిట్. రెండు రకాలుంటయి. ఒకటి ప్రీఫిల్డ్, అంటే పాడ్‌ల లిక్విడ్ నింపే వస్తది, అయిపోతే పాడ్ పారేసి కొత్తది పెట్టుడే. పరికరం అగ్గువకే ఇస్తరు, ఐదారు పౌండ్లకు గూడ దొరుకుతది. కానీ పాడ్లు కొంటనే ఉండాలె, పైసలన్నీ గాడ పోతయి. రెండోది రీఫిల్లబుల్. ఖాళీ పాడ్, సీసా లిక్విడ్ వేరేగ కొని నువ్వే నింపుకుంటవు. కిట్ 12 నుంచి 20 పౌండ్లు, 10 మి.లీ. సీసా 3 నుంచి 4 పౌండ్లు. నీ వాడకానికి సీసా వారం దాక రావచ్చు. నేనైతే రెండోదే తీసుకో అంట.

పేర్లు కావాల్నంటే: వేపరెస్సో ఎక్స్‌రాస్ మినీ, యూవెల్ కాలిబర్న్ సిరీస్, ఆక్స్‌వా ఎక్స్‌లిమ్ సిరీస్. మూడూ నోటితోని చిన్నగ లాగేటోళ్లకు పనికొస్తయి. వీటిల్ల చానా వాటికి బటన్ నొక్కే పని గూడ లేదు, లాగితే చాలు. మోడల్‌కంటె ముఖ్యం ఏందంటే, నీ ఇంటి దగ్గరి షాపుల ఆ పాడ్లు దొరుకుతయా లేదా చూసుకో. పరికరం ఆఫర్‌ల ఎనిమిది పౌండ్లకు వచ్చింది, నెల తర్వాత దాని పాడ్లు ఏడ దొరకలే అనుకుంట వచ్చేటోళ్లను చానమందిని చూస్తున్న.

సీమ_బిడ్డ (ఈస్ట్ హామ్)
పోరడు చెప్పింది నిజం. నేను చానా ఏండ్లు కాల్చినోణ్ణి, వేప్‌కి మారి, తర్వాత అదీ మానేసినా. ఒక్క మాట కలుపుతా. లిక్విడ్‌ను వేడిచేసే కాయిల్ మీద ఓమ్స్ అని నంబర్ ఉంటాది సూడు. 0.8 నుంచి 1.2 దాకా ఉండేది నీకు సరిపోతాది. పొగ తక్కువ, లిక్విడ్ తక్కువ తాగుతాది, గొంతుకు సిగరెట్ మాదిరే తగుల్తాది. 0.4, 0.3 అట్లాటివి ఊపిరితిత్తుల్లోకి నేరుగా పెద్దగా లాగేవాళ్లకి. దాంట్లో 20 మి.గ్రా. నికోటిన్ పోసి లాగినావంటే తల తిరిగి కూర్చుండిపోతావు.

లిక్విడ్ సీసా మీద పీజీ (ప్రొపిలీన్ గ్లైకాల్), వీజీ (వెజిటబుల్ గ్లిజరిన్) అని ఉంటాది, లిక్విడ్‌లో కలిపే రెండు ద్రావకాలు అవి. 50/50 తీసుకో. వీజీ చిక్కగా ఉంటాది, అది ఎక్కువుండే లిక్విడ్ చిన్న కాయిల్‌లో దూది సరిగ్గా పీల్చుకోలేదు.

కాకినాడ_కాజా (లెస్టర్)
చాలా థ్యాంక్స్ అన్నా. నికోటిన్ సంగతి ఇంకా అర్థం కాలేదు. 3, 6, 10, 12, 20 అని ఏవేవో ఉన్నాయి. తక్కువదే మంచిది కదా అని 3 తీసుకుందామనుకుంటున్నా.

మందుల_అక్క (మాంచెస్టర్)
తమ్ముడూ, నేను ఇక్కడ ఫార్మసిస్ట్‌ని. మానేయాలనుకునేవాళ్లతో రోజూ మాట్లాడుతుంటాను. చాలామంది బోల్తా పడేది సరిగ్గా నువ్వు అన్న చోటే.

సిగరెట్‌లో ప్రాణం తీసేది ముఖ్యంగా నికోటిన్ కాదు. పొగాకు కాలినప్పుడు పుట్టే తారు, కార్బన్ మోనాక్సైడ్, వాటితో పాటు వచ్చే వేల రసాయనాలు. నికోటిన్ చేసే పని అలవాటు వదలనివ్వకుండా పట్టుకోవడం. చిన్న పాడ్‌లో మరీ తక్కువ నికోటిన్ పోసుకుంటే కోరిక తీరదు, రోజంతా లాగుతూనే ఉంటావు, సాయంత్రానికి మళ్లీ సిగరెట్ వెలిగిస్తావు. పక్కన సిగరెట్ నడుస్తూనే ఉంటే వేప్‌కి మారినందువల్ల ఒంటికి ఒరిగేది చాలా తక్కువ. పూర్తిగా మారితేనే లాభం.

రోజుకు నాలుగైదు అంటే 10 మి.గ్రా. నిక్ సాల్ట్‌తో మొదలుపెట్టు. నిక్ సాల్ట్ అంటే నికోటిన్‌ని లవణం రూపంలో కలిపిన లిక్విడ్, గొంతులో మృదువుగా దిగుతుంది, కోరిక త్వరగా తీరుతుంది. లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగించే అలవాటుందా? ఉంటే చెప్పు, అప్పుడు 20 గురించి ఆలోచిద్దాం. ఇక్కడి చట్టం ప్రకారం మి.లీ.కి 20 మి.గ్రా. దాటకూడదు. అంతకన్నా ఎక్కువ రాసి ఉన్న సీసా కనిపిస్తే ముట్టుకోకు. తల తిరగడం, వికారం, గుండె దడ అనిపిస్తే నికోటిన్ ఎక్కువైందని అర్థం. పక్కన పెట్టేసి నీళ్లు తాగు.

ఇంకో సంగతి. అసలు ఇదంతా డబ్బు పెట్టి కొనక్కర్లేకపోవచ్చు. నీ కౌన్సిల్ పరిధిలోని స్టాప్ స్మోకింగ్ సర్వీస్‌ని అడుగు. ఇంగ్లండ్‌లో 2023లో ‘స్వాప్ టు స్టాప్’ అని పథకం ప్రకటించారు, దాని కింద చాలా చోట్ల మొదటి కిట్ ఉచితంగా ఇచ్చారు, పక్కన మనిషి సలహా కూడా ఉండేది, నీ దగ్గర ఇప్పుడు ఉందేమో కనుక్కో. స్మోక్‌ఫ్రీ హెల్ప్‌లైన్ 0300 123 1044. వీసా మీద ఉన్నామని మొహమాటపడొద్దు, అడగడానికి ఏమీ ఖర్చు కాదు.

వీకెండ్_వైజాగ్ (కార్డిఫ్)
అక్కా, నా సంగతి కూడా చెప్పండి. నేను రోజూ కాల్చను. శనివారం పార్టీలో రెండు, మూడు అంతే. వారం మొత్తం గుర్తు కూడా రాదు. నాకైతే చిన్న వేప్ ఒకటి దగ్గర పెట్టుకుంటే సిగరెట్ అడుక్కునే బాధ తప్పుతుందని అనుకుంటున్నా. సీసా ఒకటి కొంటే రెండు నెలలు వస్తుంది కదా.

ఓరుగల్లు_పోరడు (బర్మింగ్‌హామ్)
బ్రో, నీకు చిన్నది చాలు. 5 లేకుంటె 10 మి.గ్రా., కాయిల్ గూడ త్వరగ పాడవ్వది. కానీ వారంల ఒక్కసారే వాడితే లిక్విడ్ పాడ్‌ల నిలువ ఉంటది. నికోటిన్‌కు గాలి, వెలుతురు తగిలితే రంగు గోధుమ రంగుకు మారుతది, రుచి ఘాటెక్కుతది. మెల్లగ కారుడు గూడ మొదలైతది. గందుకే పాడ్‌ల సగమే నింపు, అడ్డంగ పడేయకుండ నిలువుగ పెట్టు.

మందుల_అక్క (మాంచెస్టర్)
పోరడు తమ్ముడి మీద గౌరవంతోనే చెప్తున్నాను, ఇక్కడ నేను ఒప్పుకోను.

వైజాగ్ తమ్ముడూ, నువ్వు కొనొద్దు. నీకు వారం అంతా గుర్తు రావడం లేదంటే నికోటిన్ ఇంకా నిన్ను పట్టుకోలేదు. సిగరెట్‌కి కొన్ని అడ్డంకులున్నాయి. బయటికి వెళ్లాలి, చలిలో నిలబడాలి, లైటర్ కావాలి, చేతులు కంపు కొడతాయి, ఒకటి అయిపోతే అయిపోయినట్టే. వేప్‌కి ఇవేవీ లేవు. దిండు పక్కన ఉంటుంది, మామిడి పండు వాసన వస్తుంది, ఎక్కడ ఆపాలో చెప్పే చివర లేదు. శనివారం రెండు సిగరెట్లతో మొదలై, జేబులో వేప్ చేరాక సోమవారం పొద్దున బస్ స్టాప్‌లో కూడా లాగడం మొదలుపెట్టిన పిల్లల్ని నేను చూస్తున్నాను. వాళ్లు నా దగ్గరికి వచ్చేది సిగరెట్ మానడానికి కాదు, వేప్ మానడానికి.

ఆ రెండు సిగరెట్లు మంచివని కాదు. ఒక్క సిగరెట్ కూడా గుండెకి చెరుపే. నీ దగ్గర్నుంచి ఆ రెండూ పోవాలి, వాటి చోట్లో ఇంకోటి రాకూడదు. పార్టీకి వెళ్లేటప్పుడు 2 మి.గ్రా. నికోటిన్ గమ్ ఒకటి జేబులో వేసుకో. బబుల్ గమ్‌లా నమలకూడదు. ఘాటు తెలిసేదాకా నెమ్మదిగా నమిలి, బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టి వదిలెయ్యి. ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. కాఫీ, కూల్‌డ్రింక్ తాగిన వెంటనే వేసుకుంటే సరిగ్గా పనిచేయదు, పావుగంట ఆగాలి.

ఓరుగల్లు_పోరడు (బర్మింగ్‌హామ్)
అక్క చెప్పిన మాట సబబుగనే ఉంది. షాపుల మాకు మనిషి ఒక్కసారే కనబడుతడు, ఆర్నెల్ల తర్వాత ఆయన సంగతి మీకు తెలుస్తది. వైజాగ్ బ్రో, నువ్వు అక్క మాట విను.

కొత్త_కోనసీమ (లండన్)
నేను సిగరెట్ ఎప్పుడూ కాల్చలేదు. రూమ్మేట్స్ అందరూ వేప్ చేస్తున్నారు. నికోటిన్ లేని 0 మి.గ్రా. లిక్విడ్ అయితే పర్లేదా? సరదాకే.

సీమ_బిడ్డ (ఈస్ట్ హామ్)
వద్దు నాయనా. వేప్ ఉండేది సిగరెట్ కాల్చేవాళ్లు దాన్నించి బయటపడేదానికి. ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) వాళ్లు చెప్పేదీ అదే: సిగరెట్‌కంటే హాని చానా తక్కువ, హాని లేకుండా మాత్రం లేదు, కాల్చనివాళ్లు మొదలుపెట్టొద్దు. సున్నా నికోటిన్‌దైనా వేడెక్కిన ద్రావకం, ఫ్లేవర్ రసాయనాలు లోపలికి పోతాయి కదా. ఏండ్ల తరబడి పీలిస్తే ఏమైతాదో తేలడానికి ఇంకా కాలం పడతాది. అదీ గాక రూమ్మేట్ సీసా, నీ సీసా టేబుల్ మీద పక్కపక్కనే ఉంటాయి. నువ్వు శుభ్రంగా ఉండావు, అట్లే ఉండు.

కాకినాడ_కాజా (లెస్టర్)
అక్కా, పొద్దున లేచిన గంటన్నరకి గానీ మొదటిది వెలిగించను. అంటే 10 చాలన్నమాట.

నిన్న ఎక్స్‌రాస్ మినీ తీసుకున్నా, 14 పౌండ్లు. 10 మి.గ్రా. సాల్ట్, పొదీనా ఫ్లేవర్. కానీ ఓ సమస్య. నింపిన వెంటనే రెండు దమ్ములు లాగితే మాడిన గుడ్డ వాసన కొట్టింది, దగ్గొచ్చేసింది. పరికరం పాడైందా? మార్చి ఇస్తారా?

ఓరుగల్లు_పోరడు (బర్మింగ్‌హామ్)
పరికరం మంచిగనే ఉంటది తమ్మీ. పాడ్ లోపల చిన్న లోహపు జాలి, దాని చుట్టు దూది ఉంటది. లిక్విడ్‌ను దూది పీల్చుకుంటది, జాలి వేడెక్కి దాన్ని ఆవిరి చేస్తది. దీపంల వత్తి నూనె పీల్చకముందే వెలిగిస్తే వత్తే కాలుతది సూడు, గట్లనే అయింది.

ఈసారి గిట్ల చెయ్యి. పాడ్ బయటికి గుంజు. పైన ముక్కు తీస్తెనో, పక్కన రబ్బరు మూత ఎత్తితెనో నింపే రంధ్రం కనబడుతది. సీసా మొన లోపల పెట్టి మెల్లగ ఒత్తు. గట్టిగ ఒత్తితే గాలి చిక్కుకొని బుడగలు పొంగి లిక్విడ్ నడిమి గొట్టంలకు పోతది, తర్వాత లాగితే నోట్లెకు వస్తది. గీత దాక నింపి మూత గట్టిగ పెట్టి పది నిమిషాలు ఆగు. ఆ తర్వాత పరికరంల పెట్టకుండ, ఒట్టి పాడ్‌ను నోటితోని రెండుసార్లు మెల్లగ గుంజు, దూదిలకు లిక్విడ్ దిగుతది. అప్పుడు మొదలుపెట్టు. పాడ్ కొత్తది పెట్టినప్పుడల్ల గిదే పద్ధతి.

ఆ మాడిన పాడ్ మాత్రం పారేయాల్సిందే. ఒకసారి దూది నల్లబడ్డంక ఆ వాసన పోదు. మామూలుగ పాడ్ వారం నుంచి రెండు వారాలు వస్తది, నీ అసొంటోనికి ఇంకొంచెం ఎక్కువనే వస్తది. బాగ తీపి ఫ్లేవర్లు తీసుకున్నవనుకో, అందుల స్వీటెనర్ కాయిల్ మీద పాకం లెక్క గడ్డకడుతది, మూడు నాలుగు రోజులకే రుచి పోతది. నువ్వు పొదీన తీసుకున్నవు, మంచి పని చేసినవు. లాగేటప్పుడు దమ్ముకు దమ్ముకు మధ్యల అర నిమిషమన్న ఆగు.

సీమ_బిడ్డ (ఈస్ట్ హామ్)
ఛార్జింగ్ గురించి ఎవరూ చెప్పలేదు. ఫోన్ ఫాస్ట్ ఛార్జర్ పెట్టబాకు, మామూలు 5 వోల్టులది పెట్టు. రాత్రంతా మంచం పక్కన ఛార్జింగ్‌లో వదిలేసి పడుకోవద్దు. మన పిల్లోళ్లు ఒక్కో ఇంట్లో ఆరేడు మంది ఉంటారు, చెక్క మెట్లు, ఒకటే తలుపు. లిథియం బ్యాటరీ అంటుకుంటే బయటపడేదానికి దారి ఉండదు. పాడైనది చెత్తబుట్టలో వేయొద్దు. అమ్మిన షాపు వాళ్లు పాతవి తిరిగి తీసుకోవాల, అది వాళ్ల బాధ్యత.

ఖర్చు లెక్క కూడా చెప్తా, కాకినాడ తమ్ముడు అడిగిందే అది కదా. రోజుకు ఐదు అంటే వారానికి 35. ప్యాకెట్ 15 లెక్కన వారానికి 26 పౌండ్లు. వేప్‌లో వారానికి సీసాకు నాలుగు పౌండ్లు, పాడ్‌కు రెండో రెండున్నరో, మొత్తం ఆరేడు పౌండ్లు. అయితే 2026 అక్టోబర్ 1 నుంచి లిక్విడ్ మీద కొత్త సుంకం ఉంది, 10 మి.లీ.కి 2 పౌండ్ల 20 పెన్నీలు, దాని మీద వ్యాట్. సీసా మీద 2.64 పెరిగినట్టే. నికోటిన్ లేనిదానికీ అదే సుంకం. అప్పుడు కూడా వారానికి పదిలోపే ఉంటాది, కానీ ‘వేప్ అంటే కారుచౌక’ అనే మాట ఇక నిలవదు. నేను చెప్పేదేమంటే, ఈ 20 పౌండ్లు మానేసేదానికి పెట్టే ఖర్చు అనుకో. ఏడాది రెండేండ్లలో 10 నుంచి 5కి, 5 నుంచి సున్నాకి దిగు.

వీకెండ్_వైజాగ్ (కార్డిఫ్)
అందరికీ థ్యాంక్స్, నేను కొనడం లేదు. ఒక సందేహం మాత్రం. మా ఇంటి దగ్గర షాపులో పదివేల పఫ్‌లు, పదిహేను వేల పఫ్‌లు అని పెద్ద పెద్దవి 10 పౌండ్లకే అమ్ముతున్నారు. ఇక్కడ ట్యాంక్ 2 మి.లీ. దాటకూడదని చదివా. మరి అవెలా అమ్ముతున్నారు? మా రూమ్మేట్ కొన్నది రెండో రోజుకే వేడెక్కిపోయి కారింది, వెళ్లి అడిగితే మేం అమ్మలేదు పొమ్మన్నారు.

ఓరుగల్లు_పోరడు (బర్మింగ్‌హామ్)
పెద్దవాటిల్ల గూడ చట్టం లోపల ఉండేటియి ఉన్నయి. 2 మి.లీ. పాడ్, దానికి పక్కన 10 మి.లీ. డబ్బా వేరేగ తగిలిస్తరు, అందుల నుంచి పాడ్‌లకు దిగుతది. గవి నిబంధనల లోపలనే. ఒకటే ట్యాంక్‌ల పది పన్నెండు మి.లీ. ఉండి, డబ్బా మీద నికోటిన్ హెచ్చరిక లేకుంటె, యూకే చిరునామ లేకుంటె, అది దొంగ సరుకు. యూకేల అమ్మే నికోటిన్ వేప్ ఏదైనా ఎంహెచ్‌ఆర్‌ఏ (యూకే మందుల నియంత్రణ సంస్థ) దగ్గర నమోదు కావాలె, వాళ్ల వెబ్‌సైట్‌ల పేరు కొట్టి చూస్కోవచ్చు. మీ రూమ్మేట్‌ను కౌన్సిల్ ట్రేడింగ్ స్టాండర్డ్స్ వాళ్లకు ఫిర్యాదు చెయ్యమను. అసొంటి షాపులతోని నిజాయితీగ అమ్మేటోళ్లకు గూడ చెడ్డ పేరు వస్తుంది.

పఫ్ లెక్కలు అసలు చూడకు. ఎంత సేపు లాగుతవు, ఎంత గట్టిగ లాగుతవు అన్నదాన్ని బట్టి మారుతది. మి.లీ. చూడు, మి.గ్రా. చూడు.

బెజవాడ_బందరు_రోడ్ (విజయవాడ)
నేను రోజుకు పది కాలుస్తాను. వచ్చే నెల మా తమ్ముడు లండన్ నుంచి వస్తున్నాడు. కాకినాడ ఆయన కొన్నదే ఒకటి తెమ్మంటే తెస్తాడా? ఇక్కడ దొంగచాటుగా అమ్మేవాళ్లు మూడు రెట్లు అడుగుతున్నారు.

నిర్వాహకుడు
అండీ, మొదట్లో చెప్పిన షరతు ఇదే. ఇండియాలో వేపుల మీద 2019 సెప్టెంబర్ 18న ఆర్డినెన్స్ వచ్చింది, డిసెంబర్‌లో చట్టమైంది. తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన అన్నీ నిషిద్ధం. మొదటిసారికి ఏడాది దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్లు, ఐదు లక్షల దాకా. నిల్వ పెట్టినవాళ్లకి ఆరు నెలల దాకా జైలు, యాభై వేల దాకా జరిమానా. ఒక్కటే కదా అని తెచ్చినా దిగుమతే. మీ తమ్ముణ్ణి కస్టమ్స్ ముందు నిలబెట్టకండి.

మందుల_అక్క (మాంచెస్టర్)
బెజవాడ అన్నయ్యా, అక్కడ దొంగచాటుగా అమ్మేవాటిలో ఏముందో చెప్పేవాళ్లు, పరీక్షించేవాళ్లు ఎవరూ ఉండరు. వాటి జోలికి పోకండి. మీకు వేరే దారులున్నాయి. 2 మి.గ్రా. నికోటిన్ గమ్ మెడికల్ షాపులో చీటీ లేకుండానే ఇస్తారు. రోజుకు పది అంటే డాక్టర్‌ని కలిస్తే ఇంకా మంచిది, నికోటిన్ ప్యాచ్ గానీ మందులు గానీ రాస్తారు. జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356, టోల్ ఫ్రీ. అడగండి, వాళ్ల పనే అది.

ఇక్కడి నుంచి ఊరెళ్లేవాళ్లకి కూడా చెప్తున్నాను. వేప్ ఇక్కడే వదిలేసి వెళ్లండి. దోహా మీదుగానో సింగపూర్ మీదుగానో టికెట్ ఉంటే ఇంకా జాగ్రత్త, ఖతార్‌లో నిషేధం ఉంది, సింగపూర్‌లో దగ్గర ఉంచుకోవడమే నేరం. ప్రయాణానికి గమ్, ప్యాచ్ చాలు. అనుమతి ఉన్న దేశాలకి వెళ్లినా చెకిన్ బ్యాగులో వేయకూడదు, బ్యాటరీ కాబట్టి చేతి సంచిలోనే ఉండాలి.

అత్తిలి_ఆడపడుచు (రీడింగ్)
అక్కా, మా ఆయన పదిహేను కాల్చేవారు. మూడు వారాల క్రితం పూర్తిగా వేప్‌కి మారారు, సిగరెట్ ముట్టలేదు. నాకు చాలా సంతోషంగా ఉంది. రెండు భయాలున్నాయి. మా పాపకి రెండేళ్లు, ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటోంది. ఇంకోటి, మారిన దగ్గర్నుంచి ఆయనకి రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, చేతులు వణుకుతున్నాయి, చిరాకు పడుతున్నారు. వేప్ వల్లేనా? మళ్లీ సిగరెట్‌కి వెళ్లిపోతారేమో అని బెంగగా ఉంది.

మందుల_అక్క (మాంచెస్టర్)
ముందు పాప సంగతి. లిక్విడ్ సీసా మందుల సీసా కంటే జాగ్రత్తగా పెట్టాలమ్మా. కొద్దిగా మింగినా పసిపిల్లలకి ప్రమాదం. సీసాకి నొక్కి తిప్పే మూత ఉంటుంది, అది ఉంది కదా అని ధీమా వద్దు. సీసా, పాడ్లు, పరికరం అన్నీ పై అల్మారాలో తాళం వేసి పెట్టండి. సోఫా మీద, కారు కప్ హోల్డర్‌లో వదలొద్దని ఆయనకి గట్టిగా చెప్పండి. నింపేటప్పుడు ఒలికితే వెంటనే తుడిచి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి, చర్మం ద్వారా కూడా నికోటిన్ వెళ్తుంది. పాప నోట్లో పెట్టుకుందని అనుమానం వస్తే ఎదురుచూడకండి, 999కి ఫోన్ చేయండి.

ఇక ఆయన నిద్ర. రోజుకు ఎన్ని టీలు, కాఫీలు తాగుతారు?

అత్తిలి_ఆడపడుచు (రీడింగ్)
ఆఫీసులో నాలుగు కాఫీలు, ఇంట్లో పొద్దునొకటి, సాయంత్రం ఒకటి ఫిల్టర్ కాఫీ. పెళ్లికి ముందు నుంచీ అంతే, ఎప్పుడూ ఏమీ కాలేదు.

మందుల_అక్క (మాంచెస్టర్)
అదే అయుండొచ్చు. సిగరెట్ పొగలోని కొన్ని రసాయనాలు లివర్‌లో ఒక ఎంజైమ్‌ని ఉసిగొల్పుతాయి. కెఫీన్‌ని కరిగించేది ఆ ఎంజైమే. కాల్చేవాళ్ల ఒంట్లో కాఫీ త్వరత్వరగా ఖర్చైపోతుంది, అందుకే అన్ని కప్పులు తాగినా తట్టుకుంటారు. ఈ పని చేసేది పొగే, నికోటిన్ కాదు. అందుకని వేప్‌కి మారినా, ప్యాచ్‌కి మారినా, వారం తిరిగేసరికి ఆ ఎంజైమ్ మామూలు స్థితికి వస్తుంది. ఆరు కప్పులు తాగేవాళ్లకి పది కప్పులు తాగినంత ప్రభావం కనిపించవచ్చు. వణుకు, నిద్ర లేకపోవడం, చిరాకు అన్నీ సిగరెట్ మానినందువల్లే అనుకుని చాలామంది మళ్లీ వెలిగించేస్తారు.

కాఫీని సగానికి తగ్గించమనండి, మధ్యాహ్నం దాటాక అసలొద్దు. ఇంటి ఫిల్టర్ కాఫీ పొద్దుటిది ఉంచి, ఆఫీసువి తీసేయమనండి. పడుకోబోయే ముందు గంటసేపు వేప్ కూడా పక్కన పెట్టాలి, నికోటిన్ కూడా నిద్రని చెడగొడుతుంది. వారంలో తేడా తెలియాలి. తెలియకపోతే జీపీని (మీ ఫ్యామిలీ డాక్టర్‌ని) కలవండి.

ఆయన ఏమైనా మందులు వాడుతున్నారా? ఆస్తమాకి థియోఫిలిన్, మానసిక సమస్యలకి క్లోజపిన్, ఓలాంజపిన్ లాంటివి ఉంటే ఆ ఎంజైమే వాటినీ కరిగిస్తుంది. సిగరెట్ మానగానే ఒంట్లో ఆ మందు మోతాదు పెరిగిపోతుంది. అవి ఉంటే మాత్రం కాఫీతో ఆగకండి, రేపు పొద్దున్నే జీపీకి ఫోన్ చేయండి.

అత్తిలి_ఆడపడుచు (రీడింగ్)
మందులేమీ లేవక్కా, ఒక్క విటమిన్ డి తప్ప. ఇప్పుడే ఆయనకి చదివి వినిపించా. ఆఫీసు కాఫీలు రెండుకి తగ్గిస్తానన్నారు, సాయంత్రం కప్పు దగ్గర మాత్రం ఇంకా బేరం సాగుతోంది.

కాకినాడ_కాజా (లెస్టర్)
పోరడు అన్న చెప్పినట్టే కొత్త పాడ్ పెట్టి పది నిమిషాలు ఆగి లాగా. మాడు వాసన లేదు, గొంతుకి సిగరెట్ లాగే తగులుతోంది. షిఫ్ట్ బ్రేక్‌లో సిగరెట్ జోన్ దగ్గరికి వెళ్తే మాత్రం ఫ్రెండ్స్ ప్యాకెట్ ముందుకు చాపుతున్నారు, అక్కడే కష్టంగా ఉంది.

సీమ_బిడ్డ (ఈస్ట్ హామ్)
మొదటి రెండు మూడు వారాలు ఆ జోన్ వైపే పోవద్దప్పా. బ్రేక్ టైమ్ మార్చుకోనీకి కుదురుతాదేమో సూపర్‌వైజర్‌ని అడుగు. కుదరకపోతే క్యాంటీన్ వైపు పో. నీ దగ్గర ఇంకా మిగిలిన ప్యాకెట్ ఉందా?

కాకినాడ_కాజా (లెస్టర్)
ఉందన్నా, ఏడు మిగిలాయి. 15 పౌండ్లు పెట్టి కొన్నా కదా అని ఉంచా.

సీమ_బిడ్డ (ఈస్ట్ హామ్)
ఈ రాత్రికే నీళ్లలో ముంచి పారేయ్. ఫ్రెండ్స్‌కి ఇచ్చేద్దామని ఉంచబాకు.